పాళ్ళు చెప్పని మనిషి

పోయిన నెల రియాద్ పాత మిత్రుల గ్రూపులో ఆయన పోయారని కబురొచ్చింది. హైదరాబాదులో, నిద్రలోనే పోయారట. పావుగంటలో సందేశాలు వరస కట్టాయి. గురువుగారు అన్నారొకరు. మా అందరికీ దారి చూపిన పెద్దాయన అన్నారింకొకరు. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యే ఈనాటికీ అన్నం పెడుతోందని మరొకతను రాశాడు. ఈ చివరి సందేశం పెట్టినవాణ్ణి నేనెరుగుదును. ఆయన కింద నాలుగేళ్ళు పనిచేసి, ఒక్క పాస్‌వర్డయినా తెలియకుండా బయటపడ్డాడు. నేను ఫోను బల్ల మీద బోర్లించి, లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. చేతులకేమీ అంటలేదు. అయినా సబ్బు పెట్టి మరీ కడుక్కున్నాను.

గల్ఫ్ యుద్ధం ముగిసిన మూడో ఏట నేను రియాద్‌లో దిగాను. మా కంపెనీది వ్యవసాయం. హాయిల్‌లో గోధుమ పొలాలు, తబూక్‌లో కూరగాయల తోటలు, రియాద్‌లో ఆఫీసు. పొలాల్లో పనిచేసే మనుషుల వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉండేవి. ఎవరి ఇకామా, అంటే అక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఎప్పటితో తీరిపోతుంది, ఎవరు ఎప్పుడు సెలవు మీద ఇంటికెళ్ళొచ్చారు, మళ్ళీ ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ అందులోనే. ఆ డేటాబేస్‌కి పెద్ద, ఈ పోయినాయనే. ఆయన కింద నేను. నా ఇకామాలో మాత్రం కంప్యూటర్ ఆపరేటర్ అని ఉండేది. ఆపరేటర్ హోదా మీద భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి వీసా ఇవ్వరు. ఇంజినీర్ అని మారితే ఇస్తారు. అలా మారాలంటే కంపెనీ తరఫున ఒక ఉత్తరం కావాలి, ఆ ఉత్తరం మీద ఆయన సంతకం ఉండాలి. మా అమ్మాయికి అప్పుడు ఏడాది. కాకినాడలో వాళ్ళమ్మ దగ్గర ఉంది.

కంప్యూటర్ గది చలికి ఆయన ఏడాది పొడుగునా మెరూన్ రంగు చేతుల్లేని స్వెటర్ వేసుకునేవారు. రక్తపోటుకి మంచిదని పచ్చి వెల్లుల్లి రెబ్బలు జేబులో పెట్టుకుని నములుతుండేవారు. మూసిన గదిలో, చల్లటి గాలిలో, ఆ వాసన తెర మీద అక్షరాలకి కూడా పట్టినట్టు అనిపించేది. కుడిచేతి చిటికెనవేలి గోరు అంగుళం పెంచారు. టేపు పెట్టెలు ఆ గోటితోనే విప్పేవారు. చెవిలో పెట్టుకునేదీ అదే గోరు, పళ్ళు కుట్టుకునేదీ అదే. ఆలోచన వస్తే బల్ల మీద టకటకా కొట్టేదీ అదే.

మొదటిరోజు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చేసరికి ఎడమచెయ్యి కీబోర్డు మీద గొడుగులా పట్టి, "కాస్త అటు చూడండి," అన్నారు, మర్యాదగానే. అటు గోడ మీద నిప్పు అంటుకుంటే ఏంచెయ్యాలో అరబీలో, ఇంగ్లీషులో రాసిన బోర్డు ఉంది. పాస్‌వర్డ్ అయ్యాక కూడా ఆయన చెయ్యి తీయలేదు. ముఖ్యమైన ఏ ఆజ్ఞ కొట్టినా అంతే. రోజుకి ఇరవైసార్లు అటు చూసేవాణ్ణి. అరబీ అక్షరాలు నేను ఆ బోర్డు మీదే నేర్చుకున్నాను. రెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నది దాదాపు అదే.

ఒకసారి ధైర్యం చేసి, నాకూ కొంచెం చూపిస్తే మీకు భారం తగ్గుతుంది కదండీ అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నవ్వారు.

"వంటవాడు వడ్డిస్తాడండీ. పాళ్ళు చెప్పడు," అన్నారు.

ఇలాంటి మాటలు ఆయన దగ్గర చాలా ఉండేవి. శుక్రవారాలు బతా బజారులో ఒక తెలుగు మెస్సులో భోజనానికి వెళ్ళేవారు. కొత్తగా వచ్చిన కంప్యూటర్ కుర్రాళ్ళు తమ బయోడేటాలు పట్టుకుని ఆయన చుట్టూ చేరేవారు. ఎర్ర పెన్నుతో దిద్దిపెట్టేవారు. ఎదగడం ఎలాగో చెప్పేవారు. సర్టిఫికెట్లు తెచ్చుకోండి, గోడకి తగిలించుకోండి, అసలు విద్య మాత్రం నాలిక కింద పెట్టుకోండి అనేవారు. ఊళ్ళో జ్వరాలు లేకపోతే డాక్టర్ని ఎవడు పలకరిస్తాడు అనేవారు. డేటాబేస్ హాయిగా నడుస్తున్నంత కాలం దాన్ని నడిపేవాడు ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు, ఈ ముక్క అర్థమైనవాడే పైకొస్తాడు అనేవారు. కుర్రాళ్ళు తలలూపేవారు. నేనూ ఊపాను. తెలివిగల మాటే అనిపించింది కూడా.

ఆయన బల్ల వెనక గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం ఒకటి ఉండేది. కష్టకాలంలో కంపెనీకి చేసిన సేవకు కృతజ్ఞతలని రెండు వాక్యాలు, కింద ముద్ర. ఎవరు గదిలోకొచ్చినా దాని కథ చెప్పేవారు. రియాద్ మీద క్షిపణులు పడుతుంటే పెద్దపెద్దవాళ్ళంతా కుటుంబాలతో జెద్దా వెళ్ళిపోయారని, తాను మాత్రం మెడలో గ్యాసు మాస్కు వేసుకుని బ్యాకప్పులు తీశానని. పదిసార్లు విన్నాక నాకది కల్పనే అనిపించింది.

ఆ గదిలో మూడో మనిషి రాజలింగం. జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటినవాడు. యుద్ధానికి చాలా ముందే తాపీ పనికి వచ్చి, నడుం దెబ్బతిని, ఎవరి దయవల్లో ఈ గదిలో టేపులు మార్చే పనిలో కుదురుకున్నాడు. డేటాబేస్ మొత్తాన్ని రోజూ టేపు మీదికి నకలు తీసి పెడతాం కదా, ఆ టేపు పెట్టడం, తీయడం, తేదీ వేసి అరలో సర్దడం రాజలింగం పని. ఇంగ్లీషు రాదు. కానీ టేపు తిరిగే చప్పుడు విని, ఇప్పుడు రాస్తున్నది, ఇప్పుడు చుట్టుకుంటున్నది అని గది బయటి నుంచే చెప్పేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. పెద్దాయన ఏమయ్యా అనేవారు. ఇద్దరిదీ దాదాపు ఒకటే వయసు.

నేను చేరిన రెండేళ్ళలో డేటాబేస్ మూడుసార్లు పడిపోయింది. మూడుసార్లూ ఒకేలా జరిగింది. పొద్దున్నే ఏదో ఒక జాబితా కనపడకుండా పోయేది. ఆఫీసంతా గోల. ఆయన తాపీగా వచ్చి అందరినీ బయటికి పంపి తలుపేసుకునేవారు. గంటన్నర తర్వాత తలుపు తెరిస్తే అంతా యథాస్థానంలో ఉండేది. ఆ చలిలో కూడా నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చేవారు. మా మేనేజరు, జోర్డాన్ మనిషి, మెత్తనివాడు, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకునేవాడు. నాకు ఒళ్ళు పులకరించేది. ఎప్పటికైనా అలా తలుపు తెరుచుకుని బయటికి రావాలని నాకూ ఉండేది.

మూడో ఏడు కొత్త సర్వర్ వచ్చింది. దాని తర్వాత కొన్ని నెలలకి, డేటాబేస్ పనంతా ఖోబర్‌లో ఉన్న ఒక బయటి సంస్థకి అప్పజెబితే ఎలా ఉంటుందని పైవాళ్ళు ఆలోచిస్తున్నారని తెలిసింది. శనివారం మధ్యాహ్నం దాని మీద మీటింగు. ఆయన కాంట్రాక్టు కూడా ఆ నెలాఖరుతో ముగుస్తుంది. ఆ వారమంతా బల్ల మీద ఆ గోటి చప్పుడు ఆగలేదు.

శనివారం పొద్దున నేను వచ్చేసరికి సెలవుల జాబితా లేదు. హాయిల్, తబూక్ పొలాల్లో ప్రతి మనిషీ ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు ఇంటికెళ్ళాడో, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో ఉన్న జాబితా అది. ఆయన ఎప్పట్లాగే వచ్చారు. ఎప్పట్లాగే అందరినీ పంపించారు గాని, ఈసారి పైవాళ్ళు బయటే నిలబడి ఉన్నారు కాబట్టి కాబోలు, నన్ను మాత్రం ఉంచుకున్నారు. సాక్షి కావాలనుకున్నారేమో. రాజలింగన్న గురువారం టేపు తెచ్చిచ్చాడు. ఆయన గోటితో పెట్టె విప్పి టేపు పెట్టారు.

టేపులో ఏమీ లేదు.

బుధవారం టేపు పెట్టారు. అందులోనూ లేదు. ముందు వారానివి, ముందు నెలవి. అన్నీ ఖాళీ. తర్వాత తేలిందేమిటంటే, కొత్త సర్వర్ వచ్చాక డేటా ఉండే చోటు మారింది. బ్యాకప్ తీసే ప్రోగ్రాము మాత్రం పాత చోటునే నకలు తీస్తూ కూర్చుంది. అక్కడేమీ లేదు. ఆ ప్రోగ్రాము ఆయనదే. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు. టేపుల్లో ఉన్నది సరిగ్గా ఉందో లేదో ఆ నెలల్లో ఆయన ఒక్కసారీ చూసుకోలేదు.

ఆయన మొహం పాలిపోయింది. పాత సర్వర్ టేపులు స్టోరులో ఉంటాయని లేచి పరుగెత్తారు. జీవితంలో మొదటిసారి తెర తెరిచి వదిలేసి వెళ్ళారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. తెర పైకి జరిపాను. ఆయన ముందు కొట్టిన ఆజ్ఞలన్నీ అక్కడే ఉన్నాయి. శుక్రవారం, ఆఫీసులో పురుగు కూడా లేని వేళ, ఒంటిగంటా పది నిమిషాలకి, సెలవుల జాబితాని ఆయనే తీసేశారు. తీసేసినట్టు కంప్యూటర్ ఇచ్చిన జవాబు కూడా ఉంది. ఒక్క ముక్క.

అప్పుడు నాకు ముందటి మూడుసార్లూ గుర్తొచ్చాయి. ఒకటి ఇంక్రిమెంట్ల ముందు. ఒకటి ఆయన హోదా మారే ముందు. ఇంకొకటి కాంట్రాక్టు ముందు. ఊళ్ళో జ్వరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసింది. వెల్లుల్లి వాసన ఆ కుర్చీలో నుంచి వస్తున్నట్టు, నా గొంతులోకి దిగుతున్నట్టు అనిపించి, లేచి నా చోటికి వెళ్ళిపోయాను. ఆయన ఉత్తచేతులతో తిరిగొచ్చి తెర చూశారు. తెర నేను జరిపిన చోటే ఆగి ఉంది. ఆయన దాన్ని మూసి, నా వైపు చూశారు.

మధ్యాహ్నానికి తప్పు రాజలింగన్న మీదికి వచ్చింది. టేపులు తారుమారు చేశాడని, వాడిన టేపుల బదులు కొత్త ఖాళీ టేపులు అరలో పెట్టాడని. రాజలింగన్నకి మొదట ఆ మాటే అర్థం కాలేదు. అర్థమయ్యాక, తాను నాలుగు నెలల కిందే సారుకు చెప్పానన్నాడు. టేపు ముందైతే గంటన్నర తిరిగేది, ఇప్పుడు పది నిమిషాలకే ఆగిపోతున్నది, ఏదో తేడా ఉందని చెబితే సారు కసురుకున్నాడన్నాడు. అది నిజం. నేనా రోజు గదిలోనే ఉన్నాను. "టేపులు మార్చడం నీ పనయ్యా. వినడం కాదు," అన్నారాయన.

మర్నాడు విచారణ. ఆ శనివారం సాయంత్రం ఆఫీసు వదిలాక ఆయన నన్ను తన కారులో ఎక్కమన్నారు. కారు తీయలేదు. ఇంజను వేసి, ఏసీ పెట్టి, చేతులు స్టీరింగు మీద ఉంచి కూర్చున్నారు. మా అమ్మాయికి ఎన్నేళ్ళని అడిగారు. మూడు నిండాయన్నాను.

"బళ్ళో వేసే వయసండీ. ఉత్తరం టైపు చేయించాను, నా సొరుగులో ఉంది. రేపు ఈ గొడవ తేలగానే సంతకం పెడతాను," అన్నారు.

అంతే. తెర సంగతి గాని, రాజలింగన్న సంగతి గాని ఎత్తలేదు. నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. ఆయన బతిమాలినా, తిట్టినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఏదో ఒకటి అనడానికి నాకు వీలుండేది.

మేనేజరు గదిలో రాజలింగన్న నిలబడి ఉన్నాడు. నన్ను కూర్చోమన్నారు. నువ్వు ఏంచూశావని మేనేజరు అడిగాడు. టేపు ఖాళీగా ఉండటం చూశానన్నాను. అందులో అబద్ధం లేదు. ఇంకేమైనా చూశావా అని అడిగాడు. ఆ మనిషి నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వారం తిరక్కుండా రాజలింగం పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఇక తిరిగి రాకుండా పంపేసే ముద్ర.

ఎయిర్‌పోర్టుకి నా కారులో నేనే తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానని అడగొద్దు. ఒక పెట్టె, ఒక దుప్పటి మూట. సగం దారిలో నేనే నోరు తెరిచి, యుద్ధం కథలన్నీ చెప్పుకునే మనిషి ఇలాంటి పని చేశాడేమిటని, ఆ కథలూ అబద్ధాలే అయ్యుంటాయని అన్నాను. ఆయన్ని తిడితే నేను రాజలింగన్న పక్షాన ఉన్నట్టవుతుందని ఆశ.

"లేదు సారూ. గా యుద్ధం ముచ్చట నిజమే," అన్నాడు రాజలింగన్న.

క్షిపణులు పడ్డ రోజుల్లో ఆ గదిలో ఉన్నది వాళ్ళిద్దరేనట. సైరన్ మోగితే తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కేవారట. కంపెనీ ఒక్కటే మాస్కు ఇచ్చింది, అది పెద్దాయనకి. మొదటిసారి సైరన్ మోగినప్పుడు ఆయన దాన్ని తీసి రాజలింగన్న మొహానికి కట్టి, తాను తడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారట. నీకు నలుగురు పిల్లలు, నాకు ఇద్దరే అన్నారట. ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం తిన్నారట. యుద్ధం అయిపోయాక జెద్దా పోయినవాళ్ళు తిరిగొచ్చి ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఒకణ్ణి తెచ్చి ఈయన నెత్తిన పెట్టారు. ఈయనకి ఫ్రేము కట్టిన కాగితం ఇచ్చారు.

"గా దినం కాయితం పట్టుకొని మస్తుసేపు గట్లనే కూసున్నడు. గప్పటిసంది మనిషి మారిండు," అన్నాడు.

అసహ్యించుకుంటున్న మనిషి గురించి ఇలాంటిదొకటి వినడం కంటే చిరాకు ఇంకోటి లేదు. ఒకప్పుడు ఆ పని చెయ్యగలిగినవాడు ఇప్పుడీ పని చేశాడంటే నాకు ఇంకా రోత పుట్టింది.

ఎయిర్‌పోర్టులో పెట్టె దించుకుంటూ అడిగాడు. "మీరు చూసిండ్రు గద సారూ?"

నేను బండి తాళాల వైపు చూశాను.

"పోనీయుండ్రి. మీకు పిల్లున్నది," అని పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

జాబితా మళ్ళీ తయారు చెయ్యాలి. టేపుల్లో లేదు, కాగితాల్లో సగమే ఉంది. కాబట్టి పొలాలకి వెళ్ళి ఒక్కొక్క మనిషినీ అడిగి రాసుకురావాలని తేలింది. ఆ పనికి ఆయన్నే పెద్దని చేశారు. ఖోబర్ సంస్థ మాట వాయిదా పడింది, ఇంత గందరగోళంలో కొత్తవాళ్ళెందుకని. ఆయన, నేను హాయిల్ వెళ్ళాం.

అక్కడి మెస్సు రేకుల షెడ్డు. నిజామాబాదు, కరీంనగరం జిల్లాల మనుషులు, గోధుమ దుమ్ముతో, వరసలో నిలబడ్డారు. నా ముందు కాగితాలు. ఆయన నా పక్కన. మొదలుపెట్టే ముందు ఆయన నా చెవి దగ్గర వంగి, వీళ్ళకి నోటికొచ్చిందే తేదీ, రుజువు చూపించని ప్రతివాడికీ పనిచేసిన కాలంలో ఒక ఏడాది తగ్గించి రాయండి అన్నారు. అంటే రెండేళ్ళకొకసారి వచ్చే సెలవు మూడేళ్ళకి పోతుంది. మనకు కూడా పొలంలో మనుషులు తక్కువ కాకుండా ఉంటారు, పైవాళ్ళు సంతోషిస్తారు అన్నారు.

నేను రాశాను. ఒక్కొక్కడూ వచ్చి తేదీ చెబుతాడు. రుజువు ఉందా అంటాను. ఎవడి దగ్గరా ఉండదు, పాస్‌పోర్టులన్నీ కంపెనీ దగ్గరే కదా. ఆ పాస్‌పోర్టుల మీద ముద్రలు చూసుకుంటే సరిపోతుందని నాకు అప్పటికే తట్టింది. ఆయనకి ముందే తట్టి ఉంటుంది. ఒకడు మాత్రం, తన సెలవు ఇంకా దగ్గర్లో లేదని, పోయినేడే వెళ్ళొచ్చానని, పాత లెక్కలో తప్పు పడి ఉంటుంది చూసుకోమని తానే చెప్పాడు. అతనికి కూడా ఏడాది తగ్గించమన్నారు.

మధ్యాహ్నం మాకోసం మాంసం వండారు. వాళ్ళు వారానికొకసారి వండుకునే మాంసం. బల్ల మీద నా కాగితాల పక్కనే పళ్ళెం పెట్టారు. ఆయన మూలుగ ఎముకలు ఏరి ఏరి, గోటితో తోడుకుని తిన్నారు. అప్పుడు గంగారాం అనే ఆయన వచ్చాడు. నలభై ఐదు ఉంటాయి. ముంజేతి దాకా నూనె మరకలు. రెండు నెలల్లో తన వంతు అన్నాడు. రుజువు ఉందన్నాడు. చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి, అందులోంచి విమానం టికెట్టు ముక్క బయటికి తీశాడు. పోయినసారి ఇంటి నుంచి తిరిగొచ్చినప్పటిది. తేదీ స్పష్టంగా ఉంది. దాన్ని అన్నాళ్ళు ఎందుకు దాచుకున్నాడో అడగలేదు.

పెద్దాయన చెయ్యి చాపి దాన్ని తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. గంగారాం తన పల్లె గురించి, పోయినసారి ఏ నెలలో వెళ్ళాడో, తిరిగొచ్చిన రోజు ఎంత వాన పడిందో వివరంగా చెబుతున్నాడు. ఆయన వింటూ వింటూ, ఆ టికెట్టు ముక్కని నిలువుగా మడిచి, దాని మూలతో పళ్ళు కుట్టుకోవడం మొదలుపెట్టారు. అది కావాలని చేసినట్టు కూడా లేదు. చేతిలో ఉన్న కాగితం, అంతే. పై పళ్ళు అయ్యాయి, కింది పళ్ళు అయ్యాయి. గంగారాం మాట ఆగిపోయింది. ఆయన ముక్కని ఎముకల పళ్ళెంలో పడేసి, "ఇది చెల్లదండీ, ఒక ఏడాది తగ్గించండి," అన్నారు నాతో.

గంగారాం నా వైపు చూశాడు. పళ్ళెం నాకు జానెడు దూరంలో ఉంది. నేను తల వంచుకుని తగ్గించి రాశాను. వంటమనిషి వచ్చి పళ్ళెం ఎత్తుకుపోయాడు.

ఆ సాయంత్రం నాకు జ్వరం తగిలింది. తర్వాతి వారం తబూక్‌కి నన్ను ఒక్కణ్ణే పంపారు, ఆయనకి రియాద్‌లో కాంట్రాక్టు సంతకాలున్నాయి. తబూక్‌లో ఎవరు చెప్పింది వాళ్ళకి రాశాను, పాస్‌పోర్టు ముద్రలతో సరిచూసుకుని. ఒక్కడూ అబద్ధం చెప్పలేదు. ఆయనకి ఆ సంగతి తెలిసీ ఏమీ అనలేదు. అప్పటికి పని అయిపోయింది. అలా తబూక్ మనుషులు వేళకి ఇళ్ళకెళ్ళారు, హాయిల్ మనుషులు ఏడాది ఆలస్యంగా వెళ్ళారు. హాయిల్ కాగితాలు మళ్ళీ దిద్దుదామని రెండుసార్లు సొరుగు తెరిచాను. దిద్దితే ఎందుకు దిద్దావని అడుగుతారని మూసేశాను.

పోయిన జాబితాని మూడు వారాల్లో తిరిగి నిలబెట్టినందుకు ఆయనకి మూడేళ్ళ కాంట్రాక్టు, డేటాబేస్ మేనేజర్ హోదా ఇచ్చారు. నా ఇకామాలో ఇంజినీర్ అని మారింది. మా ఆవిడా, అమ్మాయీ వచ్చారు. ఆయనే ఎయిర్‌పోర్టుకి పూలగుత్తితో వచ్చి, మా అమ్మాయిని ఎత్తుకుని బుగ్గ గిల్లారు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ గోరు ఇప్పటికీ నాకు కనబడుతుంది. ఆ తర్వాత నన్ను అటు చూడమనడం మానేశారు. పాస్‌వర్డులన్నీ ఇచ్చారు. ఇక నా నుంచి దాచాల్సింది ఏమీ లేదని ఆయనకి తెలుసు.

మరుసటి ఏడు సెలవులో నేను జగిత్యాల వెళ్ళాను. రాజలింగన్న ఒక బియ్యం మిల్లులో తూకాల దగ్గర పనిచేస్తున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి, చాయ్ తెప్పించాడు. గల్ఫ్‌లో కంప్యూటర్లు దొంగిలిస్తే వెనక్కి పంపారని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. పెద్దకొడుకు మామగారు కూడా ఎవరి ముందో ఆ మాట అన్నాడట. రాజలింగన్న నన్ను అడిగింది ఒకటే. తన తప్పు లేదని కంపెనీ కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపమన్నాడు. పంపుతానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

రియాద్ వెళ్ళాక నాలుగు వాక్యాలు టైపు చేశాను. టేపులు ఖాళీగా ఉండటంలో రాజలింగం తప్పేమీ లేదని, అది ప్రోగ్రాములో లోపమని. ముద్ర పడాలంటే పెద్దాయన సంతకం కావాలి. తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు. కోప్పడలేదు. వెల్లుల్లి రెబ్బ ఒకటి నోట్లో వేసుకుని, ఎర్ర పెన్ను తీశారు. నాలుగు వాక్యాలూ కొట్టేశారు. వాటి మీద ఆయన చేత్తో కొత్తగా రెండు వాక్యాలు రాశారు. రాజలింగం మా దగ్గర ఇన్నేళ్ళు పనిచేశాడు, నడవడి చాలా మంచిది, అతనికి శుభం కలగాలని కోరుతున్నాం.

"తప్పు లేదని రాస్తే ఎవరిదని అడుగుతారండీ. మంచివాడని రాస్తే ఎవరూ ఏమీ అడగరు," అన్నారు.

నేను దాన్ని టైపు చేయించాను. ఆయన సంతకం పెట్టారు. కింద, డేటాబేస్ ఇంజినీర్ అన్నచోట, నేను పెట్టాను. మంచి కాగితం, గుండ్రటి ముద్ర. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

నెలన్నరకి అది తిరిగొచ్చింది. వేరే కవరులో, నా పేరు మీద. పైన పోస్టు ముద్ర జగిత్యాలది. కాగితం నలగలేదు. ఎవరిచేతనో చదివించుకున్నట్టున్నాడు. వెనకవైపు తెలుగులో ఒక్క వరస రాసి ఉంది.

"సారూ, నేను మంచోణ్ణని నాకు ఎరుకే."